వీడియో తీసింది నువ్వే కదా తమ్ముడూ

మియాపూర్ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది, చాలా పెద్దగా ఉంది కాబట్టి కొంచెం కుదించి పెడుతున్నా.

"అన్నా, నాకు 26 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ జాబ్. చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్ పోలో జీటీ కొన్నా, స్టేజ్ 1 మ్యాప్ చేయించా (పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్పించడం), ఎగ్జాస్ట్‌లో కంపెనీ పైప్ తీసి వేరే డౌన్‌పైప్ వేశా. మా గ్రూప్‌లో 35 కార్లు ఉంటాయి, ఆదివారం పొద్దున్నే గండిపేట వైపు కలుస్తాం, టీ తాగుతాం, కార్ల గురించి మాట్లాడుకుంటాం, అంతే. పోయిన నెల మీట్ అయిపోయాక కోకాపేట నియోపోలిస్ రోడ్డు ఖాళీగా ఉందని ఒక ఫ్రెండ్ డోనట్స్ కొట్టాడు, అంటే కారుని ఉన్నచోటే గిరగిరా తిప్పాడు, నేను వీడియో తీసి గ్రూప్‌లో పెట్టా, ఎవరో బయట పెట్టారు, వైరల్ అయింది. పోలీసులు వాణ్ణి పట్టుకెళ్లారు, నన్ను కూడా పిలిచి మాట్లాడి పంపించారు. కింద కామెంట్స్ చూస్తే ఏడుపొచ్చింది, డబ్బు మదం, పోకిరీలు, బండ్లు తుక్కు చేయాలి అని. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో నా కారు ఫోటో పెట్టి ఈ బండి ఎవరిది అని అడిగారు. నాన్న కారు అమ్మేయమంటున్నారు. నేను సిటీలో 60 దాటను అన్నా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఒకట్రెండు సార్లు 180 వెళ్లా, అదీ రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు. ఎవడో ఒకడు చేసినదానికి మా అందర్నీ ఎందుకంటారు? గ్రూప్ వదిలేయాలా? పేరు బాగుపడాలని బ్లడ్ డొనేషన్ క్యాంప్ పెడదామనుకుంటున్నాం, ఐడియా ఎలా ఉంది?"

తమ్ముడూ, కారు అమ్మొద్దు, ముందు ఆ మాట చెప్పేస్తున్నా, ఎందుకంటే మిగతాదంతా చదివేటప్పుడు నీ మనసు అక్కడే ఉంటుంది. నాకు 45 దాటాయి, ఇప్పటికీ ఆదివారం పొద్దున కారు కడుక్కుంటుంటే ఎవరైనా ఫోన్ చేసినా ఎత్తను, కాబట్టి ఈ పిచ్చి ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నీ ఉత్తరంలో రెండు ముక్కలు చాలా తేలిగ్గా రాసి దాటేశావు, వీడియో నేనే తీశా అన్నది ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు 180 అన్నది ఒకటి. నువ్వు అడిగిన మూడు ప్రశ్నల కంటే నాకు ఈ రెండే గట్టిగా తగిలాయి.

వీడియో సంగతి చూద్దాం. ఎవడో ఒకడు చేశాడు అంటున్నావు. ఆ ఎవడో రాత్రి ఒంటిగంటకి ఒక్కడే వెళ్లి, ఎవరూ చూడకుండా డోనట్స్ కొట్టి, ఇంటికొచ్చి పడుకునేవాడా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. చుట్టూ పదిమంది నిలబడి ఫోన్లు ఎత్తారు కాబట్టే కొట్టాడు, టైర్లు అరిగితే వాడి జేబుకే చిల్లు, అయినా కొట్టాడంటే మీరు వేసిన కేకల కోసమే. నేను నిన్ను తిట్టట్లేదు, నేనూ అలా నిలబడి కేకలు వేసినవాణ్ణే, అందుకే తెలుసు. ఆ రోజు నువ్వు ఫోన్ జేబులో పెట్టుకుని "ఒరేయ్ వద్దురా, పద పోదాం" అని కారెక్కి ఉంటే, ఇంకో ఇద్దరు నీ వెనక ఎక్కి ఉంటే, అక్కడ డోనట్స్ ఉండేవే కావు. కామెంట్స్‌లో జనం మీ అందర్నీ కలిపి అన్నారని బాధపడుతున్నావు కదా, ఆ వీడియోలో వాళ్లకి కనిపించింది కారు చుట్టూ నవ్వుతూ నిలబడ్డ గుంపు. అందులో నువ్వు మంచోడివని వాళ్లకి ఎలా తెలియాలి చెప్పు.

ఇక 180. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే నువ్వు దీన్ని తప్పుల లెక్కలోనే వేసుకోలేదు. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, సిగ్నల్ లేదు, టూవీలర్ లేదు, అందుకే అక్కడ కాలు ఆగదు, ఒప్పుకుంటా. 2023లో లిమిట్ 100 నుంచి 120కి పెంచారు. 180 అంటే సెకనుకి 50 మీటర్లు. నీ కారు హెడ్‌లైట్ లో బీమ్ రోడ్డు మీద సరిగ్గా వెలుతురు వేసేది కూడా సుమారు అంతే దూరం. అంటే వెలుతురులోకి ఏదైనా వచ్చిందని నీ కంటికి తెలిసేసరికి, కాలు బ్రేక్ మీదకి వెళ్లేసరికి, ఆ సెకను అయిపోయింది, దాని దగ్గరికి వచ్చేశావు. బ్రేక్ పట్టాక పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 160, 170 మీటర్లు కావాలి. ఖాళీగా ఉంది అన్నావు, నీకు కనిపించినంత మేర ఖాళీగా ఉంది, అంతే కదా తెలిసేది. టైరు పేలి లైట్లు లేకుండా పక్కన ఆపుకున్న లారీ, ఎక్కడో కంచె సందులోంచి దూరిన కుక్క, లారీ లోంచి జారిపడ్డ ఇనుప ముక్క, ఇవేవీ దూరం నుంచి హెడ్‌లైట్ వేసుకుని కనపడవు. నీకు ఏమీ కాలేదంటే ఆ రాత్రి ఆ లారీ అక్కడ లేదు కాబట్టి. దాంట్లో నీ డ్రైవింగ్ గొప్పతనం ఏమీ లేదు తమ్ముడూ.

ఇంకోటి, వేగం రెట్టింపైతే బ్రేక్ పడ్డాక ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది, ఇది మనం ఇంటర్ ఫిజిక్స్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నదే. 60లో బ్రేక్ పడ్డాక ఇరవై మీటర్ల లోపు ఆగే కారు 120లో దాదాపు 75 మీటర్లు తీసుకుంటుంది, రియాక్షన్ టైమ్ కాకుండా. స్టేజ్ 1 చేయించావు, పవర్ పెరిగింది, బ్రేకులు మార్చావా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మన దగ్గర చాలామంది ఇంతే, పవర్‌కి డబ్బులు పెడతారు, బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్, టైర్లు అనేసరికి ఈ నెల కాదులే అంటారు.

మంచి కారు కాపాడుతుందిలే అని కూడా లోపల ఒక ధైర్యం ఉంటుంది. 2017 మేలో జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కి గుద్దుకుని అప్పటి ఏపీ మంత్రి నారాయణ గారి అబ్బాయి, అతని స్నేహితుడు చనిపోయారు, వాళ్లున్నది బెంజ్. 2011లో ఓఆర్ఆర్ మీద అజారుద్దీన్ గారి అబ్బాయి స్పోర్ట్స్ బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు, 19 ఏళ్లు. వాళ్ల ఇళ్లలో బాధని నేను ఉదాహరణకి వాడుకుంటున్నట్టు అనిపించి రాయాలా వద్దా అని ఆలోచించా, కానీ మీ నాన్న కారు అమ్మేయమన్నప్పుడు ఆయన కళ్ల ముందు ఉండేది ఇలాంటి వార్తలే, అది నీకు తెలియాలి.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, అందర్నీ ఎందుకంటారు అని. 2019 నవంబర్‌లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ఓపెన్ చేశారు, మూడు వారాలు కూడా కాలేదు, పై నుంచి ఒక ఎర్ర కారు గాల్లోకి లేచి కింద రోడ్డు మీద పడింది. 40 లిమిట్ పెట్టిన మలుపులో అది 100 దాటి వచ్చిందని పోలీసులు చెప్పారు. కింద ఆటో కోసమో బస్సు కోసమో నిలబడ్డ ఒక ఆవిడ అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడ ఫ్లైఓవర్ ఎక్కలేదు, రోడ్డు దాటలేదు, ఏ తప్పూ చేయలేదు, ఊరికే నిలబడింది. ఆ సీసీటీవీ వీడియో ఊళ్లో ప్రతి ఫోన్‌లోకీ వెళ్లింది. ఆ రోజు నుంచి ఆ ఫ్లైఓవర్ కింద నిలబడి బస్సు కోసం చూసేవాళ్లకి పై నుంచి ఒక గట్టి ఎగ్జాస్ట్ సౌండ్ వినిపిస్తే ఏం గుర్తొస్తుంది? నీ స్టేజ్ 1 సౌండ్ ఎంత బాగుందో మాత్రం గుర్తు రాదు కదా.

జనానికి కార్ల వాళ్లంటే పగేం లేదు. కానీ వాళ్లకి మనం తెలిసేది చెవి ద్వారానే. నువ్వు 60లో సాఫీగా వెళ్లిన వంద ట్రిప్పులు ఎవరికీ తెలియవు, బాగా నడిపే కారు పక్క నుంచి వెళ్లినా ఎవరూ తల తిప్పి చూడరు. రాత్రి పదకొండున్నరకి మ్యాప్‌లో పెట్టించుకున్న ఆ పటపట శబ్దంతో ఒక్క కారు నిజాంపేట రోడ్డు మీద వెళ్తే, రెండు పక్కలా ఐదంతస్తుల్లో పడుకున్న పసిపిల్లలు, బీపీ మాత్ర వేసుకుని అప్పుడే కళ్లు మూసిన పెద్దవాళ్లు, పొద్దున షిఫ్ట్‌కి లేవాల్సినవాళ్లు, అందరూ ఒకేసారి లేస్తారు, అందరూ ఒకే మాట అనుకుంటారు. అది నీ కారా ఇంకొకడిదా అని బాల్కనీలోకి వచ్చి చూడరు. 35 మందిలో 34 మంది బుద్ధిగా వెళ్లినా సరే. ఇందులో అన్యాయం ఉందా అంటే కొంచెం ఉంది. కానీ ఆ అన్యాయం సంగతి ఎవరితో తేల్చుకోవాలి, నిద్ర చెడినవాళ్లతోనా, చెడగొట్టిన మన గ్రూప్ వాడితోనా? ఇంతవరకు మనం ఎప్పుడూ మొదటివాళ్లతోనే వాదిస్తూ వచ్చాం.

నా కథ ఒకటి చెప్తా. 2004 ప్రాంతంలో నాకో సెకండ్ హ్యాండ్ జెన్ కారు ఉండేది, రాత్రి పది దాటాక నెక్లెస్ రోడ్డు మీద ఫ్రెండ్స్‌తో వరస పెట్టి తోలేవాళ్లం. ఒక రాత్రి ఇంకో కారుతో పక్కపక్కన వస్తుంటే మొక్కజొన్న కంకులు కాల్చే ఒకావిడ, బండి సర్దుకుని ఇంటికి పోతున్నట్టుంది, రోడ్డు దాటబోయి మమ్మల్ని చూసి బండి హ్యాండిల్ వదిలేసి పిల్లాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. బండి కొంచెం ముందుకు దొర్లింది, కుంపటి కింద పడి నిప్పులు రోడ్డంతా చిందాయి. మేం ఆపలేదు. కాస్త దూరం వెళ్లాక ఆగి అమ్మో జస్ట్ మిస్ అనుకుని నవ్వుకున్నాం, అది నిజం, నవ్వుకున్నాం. ఆవిడకి ఆ రోజు సంపాదన పోయిందేమో, కుంపటి విరిగిందేమో, పిల్లాడి భుజం నొప్పి పుట్టిందేమో, నేను వెనక్కి వెళ్లి చూడలేదు. ఇరవై ఏళ్లయింది, ఆ నిప్పులు రోడ్డు మీద పడ్డ దృశ్యం ఇంకా పోలేదు. నాకు కూతురు పుట్టాక ఇంకా ఎక్కువైంది.

అదే నెక్లెస్ రోడ్డు దగ్గర 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేస్, అంటే ఎలక్ట్రిక్ కార్ల రేస్ జరిగింది. హుస్సేన్ సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల సర్క్యూట్, రెండు వైపులా కాంక్రీట్ గోడలు, పైన కంచె, మార్షల్స్, అంబులెన్సులు. నేను మా అమ్మాయిని తీసుకెళ్లా. రోడ్లు మూసేశారని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు తిట్టుకున్నారు, అది వేరే సంగతి, కానీ లోపల జనం, పెద్దవాళ్లు, పిల్లలు, ఆ కార్లు దూసుకుపోతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ ఊళ్లో ఇదే జనం. స్పీడ్ చూస్తే వాళ్లకీ ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లకీ ఆ స్పీడ్‌కీ మధ్య గోడ ఉంది, అంతే తేడా. తర్వాతి ఏడాది రేస్ రద్దయినప్పుడు నాకు నిజంగా బాధేసింది, మీలాంటి పిల్లలకి అలాంటివి ఇంకా రావాలి.

బ్లడ్ డొనేషన్ క్యాంప్ పెట్టండి, రక్తం ఎప్పుడైనా అవసరమే, కానీ పేరు కోసం పెట్టొద్దు. వీడియో వైరల్ అయిన నెలలో బ్యానర్ కట్టి కార్లు వరసగా పెట్టి ఫోటోలు దిగితే చూసేవాళ్లకి ఎందుకు చేస్తున్నారో తెలిసిపోతుంది, అసలే కోపంగా ఉన్నవాళ్లకి ఇంకాస్త మండుతుంది. గ్రూప్ పేరు లేకుండా, బ్యానర్ లేకుండా వెళ్లి ఇచ్చి రండి, అలా చేయాలనిపించకపోతే ఇప్పుడు వదిలేయండి.

గ్రూప్ వదలాలా అన్నావు. నేనైతే ముందు ఒక ఆదివారం వెళ్లి మాట్లాడతా. ఆ వీడియో తీసింది నేను, తప్పు చేశా, ఇకమీదట మన మీట్‌లో రోడ్డు మీద ఎవడు ఏం చేసినా నేను ఫోన్ తీయను, ఎవరైనా తీస్తే గ్రూప్‌లో ఉండనివ్వను అని అందరి ముందూ చెప్పు. చాలా గొడవలు మీట్ జరిగేటప్పుడు రావు, అయిపోయి వెళ్లిపోయేటప్పుడు వస్తాయి, అందరూ చూస్తుంటారు కదా, ప్రతివాడికీ వెళ్తూ వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి రెవ్ చేయాలనిపిస్తుంది. కాబట్టి 35 కార్లూ ఒకేసారి కదలొద్దు, ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు పది నిమిషాల గ్యాప్‌లో వెళ్లిపోండి, కాన్వాయ్ వద్దు. టీ కొట్టు పక్కన ఇళ్లుంటే చోటు మార్చండి. డోనట్స్ కొట్టినవాణ్ణి వెలివేయమని చెప్పను, వాడు ఇప్పుడు స్టేషన్ చుట్టూ తిరుగుతుంటాడు, ఇంట్లో మాట పడుతుంటాడు, వాడితో వెళ్లి కూర్చో, ఎందుకంటే కేకలు వేసినవాళ్లలో ఒక్కడన్నా వాడి పక్కన ఉండాలి. కానీ మళ్లీ చేస్తే గ్రూప్‌లో చోటు లేదని మొహం మీదే చెప్పు. నువ్వు ఇదంతా చెప్పాక వాళ్లు నవ్వి, భయపడ్డావురా అని ఎగతాళి చేస్తే, అప్పుడు వదిలేయ్. ఐదుగురు మిగిలినా చాలు, నాకు ఇప్పుడున్న కార్ల స్నేహితులు నలుగురే.

కేసుల సంగతి కూడా తెలుసుకో, చాలామంది చలాన్ కట్టేస్తే అయిపోతుందనుకుంటారు. డేంజరస్ డ్రైవింగ్‌కి మోటార్ వెహికల్స్ యాక్ట్ 184 కింద మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు, లేదా వెయ్యి నుంచి ఐదు వేలు ఫైన్, రెండూ కూడా పడొచ్చు. పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్‌కి 189 ఉంది, మూడు నెలల దాకా. ఎవరైనా చనిపోతే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 106 కింద ఐదేళ్ల దాకా, పాత ఐపీసీలో రెండేళ్లే ఉండేది, 2024 జూలై 1 నుంచి మారింది. నీ డౌన్‌పైప్ సంగతి చెప్పాలంటే, కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, ఒక్కో మార్పుకి ఐదు వేల ఫైన్ ఉంది. డబ్బు కంటే పెద్ద తలనొప్పి ఇన్సూరెన్స్. రేసింగ్‌కీ, స్పీడ్ టెస్టింగ్‌కీ వాడితే వర్తించదని నీ పాలసీలోనే రాసి ఉంటుంది, తీసి చదువు. కంపెనీకి చెప్పకుండా చేయించిన మ్యాప్, డౌన్‌పైప్ క్లెయిమ్ ఆపడానికి వాళ్లకి మంచి సాకు. నా మాట వింటే డౌన్‌పైప్ తీసేసి పాతది బిగించేయ్, వారంలో ఒక సాయంత్రం పని. మీ అపార్ట్‌మెంట్ గొడవలో సగం దాంతోనే తగ్గిపోతుంది.

మరి ఈ పిచ్చిని ఏం చేసుకోవాలి అంటావా, అది పోదు, పోనివ్వాల్సిన అవసరం కూడా లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది. కోయంబత్తూర్‌లో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, చిన్నది, మలుపులు నేర్చుకోవడానికి బాగుంటుంది. ట్రాక్ మీద మామూలు వాళ్లు నడుపుకునే ట్రాక్ డేలు పెడుతుంటారు, సొంత కారుతో వెళ్లొచ్చు, హెల్మెట్ పెట్టాలి, బండి చెక్ చేశాకే లోపలికి పంపిస్తారు. తర్వాత పోటీలకి వెళ్లాలనిపిస్తే దేశంలో మోటార్ రేసులు చూసుకునే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకోవాలి. దూరం, ఖర్చు, సెలవు పెట్టాలి, అన్నీ నిజమే, కానీ మ్యాప్‌కీ డౌన్‌పైప్‌కీ పెట్టావు కదా, ఈసారి ప్యాడ్లకీ ఫ్లూయిడ్‌కీ పెట్టుకుని ఒక్కసారి వెళ్లిరా. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండో ల్యాప్ అయిపోయేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడిపోయింది, ఫ్లూయిడ్ మరిగిపోయింది, నా కారు గురించి నాకు తెలిసిందంతా తప్పని అక్కడ అర్థమైంది. పదేళ్లు రోడ్డు మీద తోలినా రానిది ఆ ఒక్క పొద్దున్నే వచ్చింది. అంత దూరం ఇప్పుడు కుదరకపోతే సిటీ చుట్టుపక్కల గో కార్టింగ్ ట్రాకులు ఉన్నాయి, చిన్నపిల్లల ఆట అనుకోవద్దు, లైన్ పట్టడం, బ్రేకింగ్ పాయింట్ అన్నీ అక్కడే మొదలవుతాయి, పేరున్న రేసర్లలో చాలామంది కార్టుల్లోంచి వచ్చినవాళ్లే.

నాన్నగారి విషయం. ఆయనతో ఎవడో చేశాడు అనొద్దు, వీడియో నేనే తీశా నాన్నా, ఓఆర్ఆర్ మీద 180 కూడా వెళ్లా అని చెప్పేయ్. అరుస్తారు, అరవనీ. ఆయనకి తెలియనిది ఇంకేదో ఉందన్న భయంతోనే అమ్మేయమంటున్నారు, అంతా తెలిశాక కారు గురించి మాట్లాడటం వేరేగా ఉంటుంది. డౌన్‌పైప్ తీయించేటప్పుడు ఆయన్ని కూడా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు. మా నాన్న బతికున్నప్పుడు నా జెన్ కార్బురేటర్ విప్పుతుంటే టార్చ్ పట్టుకుని నిలబడేవారు, అప్పటివరకు ఆయనకి నా పిచ్చి అంటే మంట.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెద్ద సంజాయిషీ రాయకు. ఫోటో పెట్టిన ఫ్లాట్ ఎవరిదో నీకు తెలుసు కదా, సాయంత్రం వెళ్లి బెల్ కొట్టి, ఆ బండి నాదే అంకుల్, సౌండ్ ఈ వారం మార్పిస్తున్నా, ఇబ్బంది పెట్టినందుకు సారీ అని చెప్పి వచ్చేయ్. ఆయన ఇంకో నాలుగు మాటలు అంటే నిలబడి విను. పైప్ మార్చాక ఎలా ఉందో నాకు రాయి, స్టాక్ ఎగ్జాస్ట్ (కంపెనీ ఎగ్జాస్ట్) మీద మ్యాప్ కూడా మళ్లీ సెట్ చేయించాలి, అది మర్చిపోకు.